చెక్క సీలింగ్ బరువెంత?

సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వైపు బయల్దేరితే అల్వాల్, బొల్లారం, హకీంపేట దాటాక తూంకుంట వస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే శామీర్‌పేట చెరువు. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడ్డ నేల ఇది. ఇప్పుడు ఆ పందిళ్ల చోట విల్లాలు, ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు లేచాయి. ఈ చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లలో చాలామందికి హాల్లో చెక్క సీలింగ్ ఉండాలని కోరిక. మంచి కోరికే. చెక్క కప్పు కింద మాట గోడలకు కొట్టుకుని మోగదు, కంటికీ హాయిగా ఉంటుంది.

అయితే కొటేషన్ తీసుకునేటప్పుడు అందరం అడిగే మాట ఒకటే: చదరపు అడుగుకు ఎంత? ఆ ఎంత అన్నది రూపాయల సంగతే. చదరపు అడుగుకు ఎన్ని కిలోలు పడుతుంది అని అడిగేవాళ్లు బహు తక్కువ. తల మీద వేలాడబోయే వస్తువు గురించి మొదట అడగాల్సింది అదేనని నేను గట్టిగా నమ్ముతాను. ఈ పూట ఆ సంగతే మాట్లాడుకుందాం.

చెక్క బరువు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. టింబర్ డిపోలో టేకును సీఎఫ్‌టీ లెక్కన, అంటే ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. బాగా ఆరిన టేకు ఘనపుటడుగు 18, 19 కిలోలు తూగుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న పలకలు పన్నెండు కలిస్తే ఒక ఘనపుటడుగు. అంటే అంగుళం మందం టేకు చదరపు అడుగుకు కిలోన్నర, అరంగుళమైతే ముప్పావు కిలో అన్నమాట. ఇప్పుడు 12 అడుగులకు 14 అడుగుల గది తీసుకోండి. మొత్తం 168 చదరపు అడుగులు. అరంగుళం టేకు పలకలు పరిస్తే దాదాపు 130 కిలోలు. ఆ పలకల్ని పట్టుకోవడానికి రెండడుగులకొకటి చొప్పున అటూ ఇటూ గట్టి చెక్కతో ఫ్రేమ్ కడితే ఇంకో 90 కిలోలు. మొత్తం 220 కిలోలు. ముగ్గురు పెద్దమనుషులు కప్పుకు వేలాడుతున్నట్టే.

వినడానికి భయంగానే ఉంటుంది. కానీ పైన సిమెంటు స్లాబు ఉన్న ఇంట్లో ఈ బరువు గురించి బెంగపడక్కర్లేదు. ఐదంగుళాల స్లాబు తన సొంత బరువే చదరపు అడుగుకు 29 కిలోల దాకా ఉంటుంది. మన 12 బై 14 గది మీద ఉన్న స్లాబు దగ్గరదగ్గర ఐదు టన్నులు. అది కాక, మనుషులు ఎక్కే టెర్రస్ మీద చదరపు మీటరుకు 150 కిలోలు, ఇంటి లోపలి అంతస్తుల మీద 200 కిలోలు అదనంగా పడతాయని లెక్కగట్టి డిజైన్ చేయాలని భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. సరిగ్గా కట్టిన స్లాబుకు మన 220 కిలోలు పెద్ద లెక్కలోవి కావు. అయినా కట్టినప్పుడే ఇంజనీరుకు ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. పాత స్లాబు కింద పెచ్చులు ఊడుతుంటే, లోపలి ఇనుము తుప్పు పట్టి కనిపిస్తుంటే, వానాకాలం నీళ్లు దిగి మరకలు పడుతుంటే, దాని కింద ఏ సీలింగూ వేయకూడదు. వికారంగా ఉంది, కప్పేద్దాం అనుకుంటారు చాలామంది. కప్పేస్తే రోగం పెరుగుతున్న సంగతి కంటికి కనపడదు. పైగా ఊడిన పెచ్చు వచ్చి సీలింగ్ మీద పడుతుంది. ముందు స్లాబు బాగుచేయించాలి, పైన వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి, ఒక వానాకాలం గడవనివ్వాలి. ఆ తర్వాతే చెక్క మాట.

సరే, స్లాబు మోస్తుంది. మరి సీలింగులు ఎందుకు కిందపడుతున్నాయి? స్లాబుకూ ఫ్రేముకూ మధ్య ఉన్న మేకుల దగ్గర, స్క్రూల దగ్గర వస్తుంది చిక్కు.

పని జరిగేటప్పుడు కింద నిలబడి చూడండి. వడ్లాయన స్టూలెక్కి డ్రిల్లు పైకి పెట్టి నొక్కుతాడు. మొదటి అర సెంటీమీటరు, సెంటీమీటరు దాకా డ్రిల్లు వెన్నలో దిగినట్టు దిగిపోతుంది, పొడి జలజలా రాలుతుంది. అది ప్లాస్టరింగు. ఆ తర్వాత ఒక్కసారిగా చప్పుడు మారుతుంది, చెయ్యి బరువెక్కుతుంది, రాలే పొడి బూడిదరంగుకు తిరిగి సన్నబడుతుంది. అక్కడి నుంచి అసలు కాంక్రీటు మొదలు. అక్కడ తొందరపడే పనివాడు చప్పుడు మారిన కాసేపటికే ఆపేసి, ప్లాస్టిక్ గిట్టీ దూర్చి, అంగుళం స్క్రూ బిగించేస్తాడు. ఆ స్క్రూలో సగం పట్టు ప్లాస్టరింగులోనే ఉంటుంది. ప్లాస్టరింగు స్లాబుకు అతుక్కుని ఉండే పూత, అది బరువు మోయలేదు. స్క్రూ గానీ యాంకర్ ఫాస్టెనర్ గానీ ప్లాస్టరింగు దాటి కాంక్రీటులోకి కనీసం అంగుళంన్నర దిగాలి. చెక్క సీలింగ్‌కు ఒట్టి ప్లాస్టిక్ గిట్టీలు వద్దు, ఇనుప యాంకర్ ఫాస్టెనర్లే పెట్టండి అని కొటేషన్‌లోనే రాయించండి. ఖర్చులో తేడా గది మొత్తానికి చూస్తే చాలా కొంచెం.

రెండడుగులకొక పట్టు చొప్పున మన గదికి నలభైకి పైగా పట్లు వస్తాయి. 220 కిలోలు పంచితే ఒక్కోదానికి ఐదు కిలోలే. మంచి ఫాస్టెనర్ దానికి ఎన్నో రెట్లు మోస్తుంది. అయినా ఒక మూల రెండు మూడు స్క్రూలు జారాయనుకోండి, వాటి వంతు బరువు పక్కవాటి మీద పడుతుంది. అవీ బలహీనమైనవే అయితే అవీ జారతాయి. అలా ఒకదాని వెంట ఒకటి వదిలేస్తూ పోతే ఒకరోజు రాత్రి పెద్ద చప్పుడవుతుంది. గోడ అంచు దగ్గర కొత్తగా సన్నని సందు కనిపించినా, ఎక్కడైనా సీలింగ్ పొట్ట దిగినట్టు అనిపించినా వెంటనే పైకెక్కి చూడాలి. ఫ్యాను సంగతి మరీ ముఖ్యం. ఫ్యాను ఎప్పుడూ స్లాబులోని హుక్కుకే వేలాడాలి, రాడ్డు సీలింగ్‌లోని రంధ్రం గుండా కిందికి రావాలి. సీలింగ్ ఫ్రేముకు ఫ్యాను బిగిస్తానన్నవాడికి పని ఇవ్వకండి.

ఇప్పుడు నా అసలు ఆందోళన చెప్తాను. తూంకుంట, దేవరయాంజాల్, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌ల్లో, టెర్రస్‌ల మీద వేసిన గదుల్లో, చిన్న రిసార్టుల్లో చాలావాటికి పైన స్లాబు ఉండదు. బాక్సు పైపులు వెల్డింగ్ చేసి, రంగు రేకులు వేసిన కప్పులు అవి. వేసవిలో లోపల కూర్చోలేం, పైగా రేకు కనిపిస్తే బాగుండదు, అందుకని కింద చెక్క కొట్టిద్దామనుకుంటారు. అర మిల్లీమీటరు రేకు బరువు చదరపు అడుగుకు అర కిలో కూడా ఉండదు. దాని కింద మనం తగిలించబోయే టేకు సీలింగ్ ఫ్రేముతో కలిపి కిలో 300 గ్రాములు. అంటే రేకు బరువుకు దాదాపు మూడు రెట్లు కొత్తగా వేలాడుతుంది. స్లాబు ఇంట్లో లెక్కలోకి రాని బరువు ఇక్కడ ముఖ్యమైన బరువైపోతుంది.

లెక్కగట్టి కట్టిన షెడ్డు వేరు, అలవాటు కొద్దీ వెల్డింగ్ చేసిన షెడ్డు వేరు. రేకును, వానను, పైకెక్కి రిపేరు చేసే మనిషిని మోయడానికి సరిపడా పైపులు వేసి ఊరుకుంటారు. అదనంగా సీలింగ్ మోస్తుందా అన్న ప్రశ్న అప్పుడు ఎవరూ వేయరు. కొత్త బరువు పడగానే పైపు వంగుతుంది. మధ్యలో కొద్దిగా దిగినా రేకుల అతుకుల దగ్గర సందు తెరుచుకుంటుంది, వాన నీరు లోపలికొస్తుంది, ఆ నీరు చెక్క పీల్చుకుంటుంది, బరువు ఇంకా పెరుగుతుంది. దానికి తోడు ఏప్రిల్, మే నెలల్లో ఈ వైపు వచ్చే గాలిదుమారం, వడగళ్ల వాన మనకు తెలిసినవే. ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాద్‌కు చెప్పిన ప్రాథమిక (బేసిక్) గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. ఆ గాలి రేకును పైకి లాగుతుంది, కిందికి నొక్కుతుంది, మళ్లీ లాగుతుంది. చెక్క బరువుంటే రేకు ఎగరకుండా పట్టుకుంటుందిలే అని కొందరు ధైర్యం చెప్పుకుంటారు. గాలికి ఊగే పైపుకు స్క్రూలతో తగిలించిన పలక ఆ ఊపుకు ముందు వదులవుతుంది. గాలిని తట్టుకునే పని రేకు బోల్టులది, పైపు కింది పునాదిది. సీలింగ్ మీద ఆ భారం పెట్టకూడదు.

మరి రేకుల గదికి చెక్క కుదరదా? కుదురుతుంది. సీలింగ్‌ను రేకుల పైపులకు వేలాడదీయకుండా గోడల మీద కూర్చోబెట్టాలి. గోడ నుంచి గోడకు, గది చిన్న కొలత వైపు, ప్రత్యేకంగా బాక్సు పైపులు వేయించి, వాటి చివర్లు గోడలో దిగేలా చేసి, సీలింగ్ బరువంతా వాటి మీదే పడేలా చూడాలి. పైపు ఎంత మందం, ఎంత దూరానికొకటి అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు ఒక పూటలో చెప్పగలడు. ఆయన ఫీజు మీ టేకు ఖర్చులో ఒక మూలకు రాదు. ఇంకో మాట: రేకుకూ చెక్కకూ మధ్య గాలి ఆడేలా రెండు వైపులా జాలీలు వదలండి. చలికాలం రాత్రుళ్లు రేకు అడుగున మంచు నీరు పట్టి చుక్కలుగా రాలుతుంది. గాలి ఆడకపోతే అది చెక్కలోనే మిగిలిపోతుంది.

మన పాత ఇళ్లలో ఈ గొడవ లేదు. పెంకుటింట్లో, మట్టిమిద్దెలో తలెత్తితే కనిపించే దూలాలు, దంతెలు, వాసాలు ఇంటిని మోసేవి. ఇప్పటి సీలింగ్‌లో చెక్క ఏమీ మోయదు, తననే ఇల్లు మోయాలి. అందుకని దూలానికి చెక్కను ఎంచిన పద్ధతిలో సీలింగ్‌కు ఎంచుకోకూడదు. దూలానికి చేవ, గట్టిదనం కావాలి. సీలింగ్‌కు తేలికదనం, వంకర తిరగని గుణం కావాలి. ఏ పనికి ఏ కర్ర అన్నది మనవాళ్లకు కొత్త విద్య కాదు. నిర్మల్, కొండపల్లి బొమ్మల కళాకారులు తేలికైన, మెత్తని పొణికి చెక్కను పట్టుకున్నారు. బండి ఇరుసుకు, దూలానికి గట్టి కర్రలు వేరే ఉన్నాయి.

హైదరాబాద్‌లోనే రెండు కప్పులు చూడండి. పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టించిన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో గ్రంథాలయానికి చెక్కిన వాల్‌నట్ కప్పు ఉంది, అది ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో ఉన్నదానికి నకలని చెబుతారు. అంత నగిషీ ఉన్న గట్టి చెక్కను మోయడానికి రాజప్రాసాదపు గోడలు కింద ఉన్నాయి. కోఠిలో రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ చూడండి, తర్వాత మహిళా కళాశాలగా మనకు తెలిసిన భవనం. దాని దర్బారు హాలు కప్పుకు చేసిన రంగుల అలంకరణ కాగితపు గుజ్జుతో చేసింది. తలెత్తి చూసేవాళ్లకు వైభవమే కనిపిస్తుంది, బరువు మాత్రం కాగితానిది. మన ఇంటి హాలుకు ఈ రెండో దారి నుంచే ఎక్కువ నేర్చుకోవచ్చు.

మన మార్కెట్లో దొరికేవాటిని తూకం వేసి చూద్దాం. నల్లమద్ది, సాల్ లాంటి గట్టి చెక్క ఘనపుటడుగు 24 కిలోలకు అటూ ఇటూ. టేకు 18, 19. బయటి దేశాల నుంచి వచ్చే పైన్ 13, 14. సీడార్ అయితే పదీ పదకొండు. మన గదికే అరంగుళం పైన్ పలకలు వేసి, గట్టి చెక్క ఫ్రేముకు బదులు జీఐ చానెల్ వాడితే 220 కిలోల బరువు 130కి దిగుతుంది, చూపుకు తేడా కొద్దిగా. పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ 8 బై 4 షీటు 20 కిలోలు దాటుతుంది, దాని మీద వెనీరో సన్‌మైకానో వేస్తే ఇంకొంచెం. అంతే మందం జిప్సం బోర్డు కూడా చదరపు అడుగుకు ముప్పావు కిలో పైనే ఉంటుందని తెలిసి ఆశ్చర్యపోతారు. అంటే అందరూ నిశ్చింతగా వేసుకునే జిప్సం, అరంగుళం టేకు పలక బరువులో సమానం. లోపల బోలుగా ఉండే పీవీసీ పలకలు మాత్రం పావు కిలోకు కాస్త అటూ ఇటూ. చెక్కలా కనిపిస్తే చాలు అనుకుంటే రేకుల గదికి అవే క్షేమం. నాకు మాత్రం వాటి మీద పెద్ద ఇష్టం లేదు, ఎండకు సాగుతాయి, నిప్పు అంటుకుంటే చెడ్డ పొగ వస్తుంది.

లెక్కలు చేయడం ఇష్టం లేనివాళ్లు ఒక పని చేయండి. కాంట్రాక్టరు చూపించే శాంపిల్‌ను అడుగు పొడవు, అడుగు వెడల్పుకు కోయించి తెచ్చుకోండి. మీ వీధి చివర కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టండి. ఆ అంకెను గది వైశాల్యంతో గుణించండి, గట్టి చెక్క ఫ్రేమైతే మరో ముప్పావు వంతు, జీఐ చానెలైతే మరో సగం కలపండి. ఐదు నిమిషాల పని. పచ్చి చెక్క అంటగట్టాలని చూసినా అక్కడే బయటపడుతుంది, ఎందుకంటే ఆరని చెక్క తూకం మోసం చేయదు. గది మొత్తానికి చెక్క పరచాలన్న నియమం కూడా లేదు. మధ్యలో ఒక పట్టీ, లేదా సోఫాల పైన మాత్రం చెక్క వేసి మిగిలింది తెల్లగా వదిలేస్తే బరువు సగమవుతుంది. పది అడుగుల ఎత్తు గదిలో ముదురు చెక్క అంతటా పరిస్తే కప్పు నెత్తి మీదికి వచ్చినట్టుంటుంది కూడా. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం నివాస గదుల ఎత్తు 2.75 మీటర్లకు, అంటే దాదాపు తొమ్మిదడుగులకు తగ్గకూడదు. సీలింగ్ ఎంత దింపుతున్నారో ముందే కొలిచి చూసుకోండి.

ఇక పాలిష్. దీని బరువు గురించి అడిగేవాళ్లున్నారు. నాలుగు పూతలు వేసినా ఆరాక గది మొత్తానికి ఐదారు కిలోలు దాటదు. సన్‌మైకా మాత్రం ఒక మిల్లీమీటరు మందానిది గదికి 20 కిలోలు దాటుతుంది, జిగురు అదనం. పాలిష్ అసలు పని తేమను ఆపడం. మే నెల ఎండలో మన వైపు గాలి పొడిబారిపోతుంది, ఆగస్టుకు తడిసి ఉంటుంది. ఆ రెండింటి మధ్య నాలుగంగుళాల పలక వెడల్పు మిల్లీమీటరు దాకా మారవచ్చు. ఒక్క పలకలో అది కనిపించదు. పన్నెండడుగుల గదిలో అలాంటివి 36 పలకలు, అన్నీ కలిస్తే అంగుళం పైన. గోడల వెంట సందు వదలకుండా బిగిస్తే ఆ అంగుళానికి చోటు లేక పలకలు పొంగి స్క్రూలను లాగేస్తాయి. ఇరువైపులా అరంగుళానికి తక్కువ కాకుండా వదిలి, బీడింగ్‌తో కప్పాలి. పలకలు ఒకదాన్లో ఒకటి దూరే గాడి అతుకు పెట్టించాలి.

పాలిష్‌ను రెండు వైపులా వేయించాలి, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కనిపించే వైపు మెరిపించి, పైవైపు పచ్చిగా వదిలేయడం మన దగ్గర మామూలైపోయింది. పైవైపు తేమ పీల్చి ఉబ్బుతుంది, కిందివైపు పీల్చదు, పలక వంకర తిరుగుతుంది. అందుకని బిగించాక కాకుండా, పలకలు నేల మీద ఉన్నప్పుడే రెండు వైపులా, కోసిన చివర్లకూ ఒక పూత పడాలి. సన్‌మైకా వేస్తే వెనక కూడా ఒక పలుచని షీటు అతికించాలి. కప్పును ఎవరూ చేత్తో ముట్టుకోరు, గీతలు పడవు, కాబట్టి ఖరీదైన మెరుపు పీయూ (పాలీయురేథేన్) పాలిష్ అక్కర్లేదు. మెరుపు లేని మ్యాట్ పూత చాలు, లైట్లు అందులో మిరుమిట్లు గొలపవు. అవిసె నూనె పూత కూడా చెక్కకు అందంగానే ఉంటుంది, ఆరడానికి రోజులు పడుతుంది. దాంతో ఒక ప్రమాదం ఉంది: అవిసె నూనె తడిసిన గుడ్డలను ఉండలా చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి నిప్పంటుకుంటాయి. వాటిని బయట విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచేయండి.

చెదల గురించి ఒక్క మాట. మా ఇంట్లో పైకప్పుకు చెదలెక్కడివి అంటారు. గోడలోని కరెంటు పైపుల గుండా ఎక్కి వస్తాయి. పాతకాలంలో వాసాలకు జీడి నూనె పూసేవారు, ఇప్పుడు మందులున్నాయి, ఫ్రేముకు కూడా పూయించండి. ప్లైవుడ్ తీసుకుంటే తేమను తట్టుకునే రకానికి ఉండే ఐఎస్ 710 ముద్ర, నిప్పు భయం ఉన్న ఫంక్షన్ హాలులాంటి చోట ఐఎస్ 5509 ముద్ర ఉన్నది అడగండి. చెక్క పైన నడిచే వైర్లన్నీ పైపుల్లోనే ఉండాలి, లైట్ల డ్రైవర్లు పలకకు ఆనకూడదు.

అన్నీ అయ్యాక, సీలింగ్‌లో ఒక మూల మనిషి తల పట్టేంత చిన్న తలుపు పెట్టించండి. అందం చెడుతుందని వడ్లాయన వద్దంటాడు, ఒప్పుకోకండి. మొదటి వానాకాలం పోయాక టార్చి పట్టుకుని దాంట్లోంచి చూడండి. స్లాబు అడుగున చెమ్మ ఉందా, ఫాస్టెనర్ల చుట్టూ పొడి రాలిందా, చానెల్ ఎక్కడైనా వంగిందా, మట్టి గీతల్లాంటి చెదల దారులు కనిపిస్తున్నాయా అని వెతకండి. ఏ ఒక్కటి కనిపించినా పని చేసిన మనిషిని అప్పుడే పిలిపించండి, బిల్లులో చివరి వాయిదా అప్పటిదాకా మీ దగ్గరే ఉంచుకోండి.